చెంచుగూడెం మీద పీహెచ్‌డీ: కొన్ని మెళకువలు

నాయనా, నల్లమల చెంచుల భూమి పోయిన సంగతి మీద పీహెచ్‌డీ మొదలుపెట్టావట, సంతోషం. మార్కాపురంలో ఏసీ గది ముందే మాట్లాడుకో. గూడేనికి ఎండెక్కాక బయల్దేరు. అప్పటికి అడవికో కూలికో పోగలిగినవాళ్లంతా పోయుంటారు. మిగిలిన ముసలాళ్లు నీ ప్రశ్నలకు ఎదురు ప్రశ్న వెయ్యరు.

‘మీకెన్ని ఎకరాలుండేది?’ అని అడుగు. తేనెకూ గడ్డలకూ కొండంతా తిరిగినవాళ్లు ఎకరాల్లో చెప్పలేరు. గడిలో సున్నా వేసెయ్.

ఫోటో చేతిలో విల్లు పెట్టించే తియ్యి. ఇక పుస్తకాలంటావా, చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పుస్తకం 1943లో వచ్చింది. ఆయన ఎక్కువగా తిరిగింది కృష్ణకు అవతల, నైజాం అడవుల్లో. అయినా దాన్నే దోర్నాల, ఎర్రగొండపాలెం గూడేలకు అంటించు, ఎవరడుగుతారు? ఈ గూడేలున్న పశ్చిమ ప్రకాశంలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, 1/70 చట్టం ఇక్కడ పనిచెయ్యదు. గిరిజనుడి చేను గిరిజనేతరుడి చేతికి పోతుంటే ఆపడానికి ఆ చట్టం అక్కరకు రాదు. ఇది రాస్తే ఇంకో అధ్యాయం మీద పడుతుంది, వదిలెయ్.

విసుగేస్తే వెలిగొండ ప్రాజెక్టు వైపు పో. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లకు కట్టలు కట్టిన చోట, ముంపు ఊళ్లకు జాబితాలున్నాయి, పరిహారం లెక్కలున్నాయి. పట్టిక ఇట్టే తయారవుతుంది. తేనెచెట్టు పోయినవాడి పేరు ఏ జాబితాలో వెతుకుతావు?

ఇక అసలు జాగ్రత్త. ఏ ముసలమ్మో ‘ఆ చింతచెట్ల కింద మా తాతను పూడ్చాం, ఆ చెలమ మావాళ్లు తవ్విందే’ అంటుంది. తలూపు, రాసుకోకు. ఆ చోటుకు జీపీఎస్ అసలే తియ్యకు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన 13వ నిబంధన శ్మశానాలను, బావులను, పూజాస్థలాలను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. హక్కు అడిగేవాళ్లు కాక వేరే పెద్దలు చెప్పిన మాట కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. ఒకటికి మించి సాక్ష్యాలు కావాలి కనుక, నీ నోటుపుస్తకంలో రెండో సాక్ష్యం దొరికిందంటే కొంప మునిగినట్టే.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, ఆచారాల మీద రాసిన రికార్డులు కూడా అదే నిబంధనలో సాక్ష్యాలు. కాబట్టి థీసిస్ ఇంగ్లీషులోనే రాసి యూనివర్సిటీ బీరువాలో పెట్టించు. గూడేనికి ఒక్క కాపీ చేరినా, అటవీ హక్కుల కమిటీ ముందు పెట్టే దరఖాస్తుకు దాన్ని జతచేస్తారు.