సైకిలు యాత్రా శాసనమునకు లవణవ్యాఖ్య

అవతారిక: కోలాచల మల్లినాథసూరి మూలములో లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు ప్రతినబట్టి కాళిదాసును లోకమునకు తేటపఱచెను. ఈ వ్యాఖ్యాతకు ఆ రెండు ప్రతినలును లేవు. ఎదుట కాళిదాసును లేడు. ఉన్నదెల్లను, ఫాల్గుణమాసమున నొక ఆదివారమునాడు భువనేశ్వరమునుండి బరంపురముమీదుగా ఇచ్ఛాపురమువఱకు, ఇంచుమించు 200 కిలోమీటర్లు, 16వ నంబరు జాతీయరహదారిమీద గుంపుగా సైకిళ్ళు త్రొక్కదలచిన మహనీయులకు వారి నాయకుడు వాట్సాపుద్వారా ప్రసాదించిన యొక శాసనము మాత్రమే. మా యూరు హుమ్మ ఆ దారిలోనిదగుటచేతను, మా టీదుకాణమును అందులో నొక ఘట్టముగా పేర్కొనియుండుటచేతను, దానికి టీక వ్రాయు నధికారము నాకు సంక్రమించినదని భావించుచున్నాను.

మూలము: “ఇది పందెము కాదు.”

వ్యాఖ్య: తక్కిన సూత్రములనన్నిటిని ఏలునది గావున ఇది అధికారసూత్రము. దీని పుట్టినిల్లు పారిసు. 1904లో వెలసిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అను సంఘము, ప్రపంచములో నెక్కడ ఇట్టి ‘బ్రెవే’ యాత్ర జరిగినను దానికి ధర్మశాస్త్రకర్త. 200 కిలోమీటర్లను పదుమూడున్నర గంటలలో ముగింపవలెను. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఇందులో గెలుపు లేదు, ఓటమి లేదు, మొదటివాడు కడపటివాడు అను గణన లేదు. నడుమ ఘట్టములయొద్ద చీటీమీద ముద్ర పడిన చాలును. అంతకంటె చిత్రమేమనగా, 200 కిలోమీటర్లను 5 గంటల 53 నిమిషములకు ముందే ముగించిన మహావేగిని సైతము ఈ శాస్త్రము ఆదరింపదు. కడపటి ఘట్టము తెఱచువఱకు వాడు వాకిట నిలువవలసినదే. ఇంత శాంతమైన ధర్మము మనవారి చేతబడి యేమైనదో చూడుడు: సూత్రము క్రిందనే నాయకునివారు గతయాత్రలో సాధించిన సగటువేగము, దశాంశములతో సహా, పెద్ద అక్షరములలో ప్రకటింపబడి యున్నది. వ్యాఖ్యాత దీనిని ప్రక్షిప్తమని త్రోసివేయుచున్నాడు.

మూలము: “ప్రతి యాత్రికుడును స్వయంపోషకుడై యుండవలెను.”

వ్యాఖ్య: స్పష్టము. వెనుక మెల్లగా వచ్చు కారును, అందలి అరటిగెలను, ఐసుపెట్టెను, మడతకుర్చీలను పోషణమని కాక పరివారమని గ్రహింపవలెను.

మూలము: “దాహమైనను కాకున్నను ప్రతి ఇరువది నిమిషములకును నీరు త్రాగవలెను.”

వ్యాఖ్య: ఇచట మీమాంసకుడు లేచి అడ్డుపడును. వేఱొకవిధమున ప్రాప్తింపనిదానిని విధించునదిగదా విధి! ఆకలిగొన్నవాడు శాస్త్రము చెప్పకున్నను తినును, దప్పిగొన్నవాడు త్రాగును. రాగముచేతనే ప్రాప్తమైన పనికి శాసనమేల? దాహము కానివాడు త్రాగుట అప్రాప్తమే గనుక ఇది విధియే యగునని సూత్రకారుని పక్షమువారు సమాధానము చెప్పుదురుగాక. కాని దప్పిలేకయే గంటలతరబడి కడుపునిండ నీరు నింపుకొన్నవానికి నెత్తుటిలోని సోడియము పలుచబడి, తల తిరిగి, ప్రాణముమీదికి వచ్చుటయు గలదని వైద్యులు హెచ్చరించుచున్నారు. కావుననే కాబోలు, దీని వెంటనే ఈ క్రింది సూత్రము పుట్టినది.

మూలము: “హుమ్మ: సాల్ట్ స్టాప్. ఒక్కొక్క మాత్ర.”

వ్యాఖ్య: ఈ ఐదు పదములయొద్ద వ్యాఖ్యాత కొంత తడవు నిలువక తప్పదు. హుమ్మయనగా ఉప్పు. రహదారిని విడిచి కొంచెము లోనికి నడచినవానికి కనుచూపుమేర ఉప్పుమళ్ళే. లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు గల సముద్రపు నీరైనను, అంతకంటె పలుచనైన కయ్యనీరైనను, మొదట పెద్దమడిలో నిలిపి, ఎండకు చిక్కబఱచి, మడినుండి మడికి దింపుచు వత్తురు. బోమే కొలమానముమీద ఇంచుమించు 25 డిగ్రీలకు వచ్చువఱకు ఉప్పు కనబడదు. ఆపైన మడి అడుగున తెల్లని పలుకులు దిగుట కారంభించును. అట్లని ఆశపడి 30 దాటనిచ్చిన, మెగ్నీషియపు లవణములు దానితో గలసి ఉప్పు చేదెక్కును. ఆ మిగులునీటిని సమయమెఱిగి పాఱబోయవలెను. పరికరము లేకయే, నీటి రంగునుబట్టి, చేతికంటు జిగటనుబట్టి ఆ ఘడియను పోల్చుకొను ముసలివారిని నేనెఱుగుదును; పాండిత్యమనగా నాకు గుర్తుకు వచ్చువారు వారే. మడి అడుగును కాళ్ళతో త్రొక్కి త్రొక్కి గట్టిపఱచుట మొదలు, కఱ్ఱపలకతో ఉప్పును గట్టుకు లాగి రాశి పోయుటవఱకు, అంతయు వట్టికాళ్ళతో, నడినెత్తిని సూర్యునితో జరుగు పని. వాన ముందుగా ఒకటి పడినదా, నెలల కష్టము నీటిలో గలసిపోవును. 1805లో మదరాసు ప్రభుత్వము ఉప్పుమీద ఏకాధికారము స్థాపించిన పిదప, తాము పండించిన ఉప్పును తాము ఇంటికి గొనిపోయిన నేరమైన కాలమును ఈ తీరము చూచినది; 1936 ఏప్రిలు 1న మా గంజాము జిల్లా ఒరిస్సాకు చేరినది, ఏలువారు మాఱిరి, మడిలోని కాళ్ళ పగుళ్ళు మాఱలేదు. పగిలిన మడమలోనికి ఉప్పునీరు దిగినప్పటి మంట యెట్టిదో ఏ ప్రభుత్వపు నివేదికయు...

మఱచితిని. ఇది సైకిలు శాసనమునకు టీక.

అట్టి హుమ్మలో, ఉప్పుబస్తాలు లారీ కెక్కుచుండగా, ఆ లారీ నీడలోనే నిలిచి, గత సంవత్సరమున నొక యువకుడు వెండిరేకు చించి ఉప్పుమాత్ర మ్రింగుట నేను కన్నులార గాంచితిని. “ఏమి బాబూ, చిటికెడు ఉప్పు మా దుకాణములో లేకపోయెనా?” అనగా, “అది వేరు మాస్టారూ, ఇది ఫార్ములా” అనెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రకటించిన ఫార్ములా నాకును దెలియును: లీటరు నీటికి మామూలు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, మఱి రెండు లవణములు. పొట్లము ఏ మందుల దుకాణములోనైన దొరకును. అయినను అతిథి గావున ఊరకుంటిని.

మూలము: “పల్లెసైకిళ్ళు, పశువులు అడ్డువచ్చినచో ఈల వేసి తొలగింపవలెను.”

వ్యాఖ్య: ఈ ద్వంద్వసమాసమును సూత్రకారుడు ఎఱిగియే చేసెనా, ఎఱుగకయా అనునది విచారింపదగినది. ఆ పల్లెసైకిలును ఒకమాఱు దగ్గఱగా చూడుడు. మడ్గార్డు అంచు ఉప్పుగాలికి తినివేయబడి రంపపు పండ్లవలె నున్నది. చైనుకు మెకానిక్కు పాఱబోసిన నల్లని ఇంజనునూనె. క్యారియరుమీద పాతట్యూబు ముక్కతో బిగించిన గోనెసంచి, టిఫినుగిన్నె. వెనుక దీపము లేదు, ఎఱ్ఱబిళ్ళ లేదు. ఒకప్పుడు దీపములేని సైకిలును పోలీసువాడు ఆపి జరిమానా వేసెడివాడు. అది పీడయే యైనను, వీనికి దీపముండవలెనను తలంపైనను అందుండెను. ఇప్పుడు ఆ పల్లెసైకిలువాడు ప్రతిసాయంకాలమును, చీకటి పడిన పిమ్మట, దీపములార్పి అంచున నిలిపిన లారీలను తప్పుకొనుచు, ఎదురుదారిని వచ్చు మోటారుసైకిళ్ళను తప్పుకొనుచు, అదే 16వ నంబరు రహదారిమీద ఇంటికి పోవుచున్నాడు. వానికి బ్రెవే చీటీ లేదు, ముద్ర లేదు. ఆదివారమునాడు మాత్రము ఈల వినబడగానే సైకిలు దిగి, ఇసుకలో నిలువబడి, దారి యీయవలెను. ఇది పందెము కాదని మొదట చెప్పినవారికి ఇంత తొందర యేలయో వ్యాఖ్యాతకు తెలియలేదు.

మూలము: “తెల్లవాఱకముందు దీపములు, మెఱయు జాకెట్టు తప్పనిసరి. సంఘము ఇచ్చిన జాకెట్లను ఇచ్ఛాపురములో తిరిగి అప్పగింపవలెను.”

వ్యాఖ్య: పూర్వార్ధము సర్వజనసమ్మతము. ఉత్తరార్ధమునకు నేనొక వార్తికము చేర్చుచున్నాను: “హుమ్మలోనైనను.” యాత్రికులు మా యూరు చేరునప్పటికి సూర్యుడు నడినెత్తికి వచ్చును, పిదప ఇచ్ఛాపురమువఱకు ఆ జాకెట్ల పని యుండదు. టీదుకాణపు బల్లమీద వానిని విడిచిపోయినచో, సాయంకాలము మడులనుండి వచ్చువారికి నేను పంచెదను. సూత్రకారుని అనుమతికై పోస్టుకార్డు వ్రాసితిని. వాట్సాపు నాకు లేదు, శాసనమును మనుమడు చదివి వినిపించెను.