టేబుల్‌కి సివిల్ ఐడీ

కువైట్ సివిల్ ఐడీ నంబరుకి 12 అంకెలు. మొదటిది శతాబ్దం, తర్వాతి ఆరూ పుట్టిన తేదీ. వయసు దాచుకోవడం ఇక్కడ ఎవరి తరమూ కాదు. అయినా మన కడప, రాజంపేట వాళ్ల కార్డులు చూడండి, ఎంతమంది జూన్ ఒకటిన, జులై ఒకటిన పుట్టారో! మా అమ్మ లెక్కలో నేను పుట్టింది సంక్రాంతి వెళ్లిన మూడోనాడు. బళ్లో వేసినప్పుడు అయ్యవారు రాసిందే కువైట్ ప్రభుత్వానికి ప్రమాణం.

డేటాబేసు టేబుళ్లదీ అదే బతుకు. కువైట్ సిటీ షర్క్‌లో ఒక ఆఫీసులో వాటిని కాసే ఉద్యోగం నాది. మాకు సెలవు శుక్ర, శనివారాలు. హైదరాబాద్ టీముకి శని, ఆదివారాలు. మేం బిర్యానీ తిని పడుకున్న శుక్రవారం వాళ్లు ఉత్సాహంగా పనిచేస్తారు. ఆదివారం పొద్దున జీతాల రిపోర్టు రాదు. అక్కడ ఫోనెత్తే నాథుడుండడు. ముదీర్, అంటే మా మేనేజరు, నా కుర్చీ వెనక నిలబడి "ఎవరు మార్చారు?" అంటాడు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్ డాట్ ఆబ్జెక్ట్స్ తెరిస్తే తేదీలు రెండుంటాయి: ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది. ఎవరి పనో ఉండదు. ఊరికే ఒక ఇండెక్స్ వేసినా రెండో తేదీ మారుతుంది. ఒరాకిల్‌లోనైతే ఎవరికో గ్రాంట్ (అనుమతి) ఇచ్చినా చాలు. పోస్ట్‌గ్రెస్ తెలివైనది, టేబుల్ పుట్టిన తేదీ అసలు రాసుకోదు.

పోనీ మొదటి తేదీనైనా నమ్ముదామా? ఎస్‌క్యూఎల్ సర్వర్ డిజైనర్‌లో, వద్దని ఆపే టిక్కు తీసేసి, నడుమ ఒక కాలమ్ దూర్చారనుకోండి. అది కొత్త టేబుల్ కట్టి, డేటా అందులో పోసి, పాతదాన్ని పారేసి, దాని పేరు దీనికి తగిలిస్తుంది. 2009 నాటి ఇన్వాయిస్ టేబుల్ మొన్న శుక్రవారం పుట్టినట్టు!

అలా ఒకసారి మధ్యాహ్నం 1.10 అని కనబడింది. "అప్పుడు మేం లంచ్‌లో ఉన్నాం సార్" అన్నారు హైదరాబాద్ కుర్రాళ్లు. సర్వరు రాసుకునేది కువైట్ టైము నాయనా, మీకప్పుడు 3.40 అన్నాను. లంచ్ మాట మళ్లీ ఎత్తలేదు.

లాభం లేదని డీడీఎల్ ట్రిగ్గర్ పెట్టాను. టేబుల్ కట్టడాన్ని ఎవరు ముట్టుకున్నా లాగిన్ పేరు, టైము, కొట్టిన కమాండుతో సహా లాగ్‌లో ఒక వరస పడిపోతుంది. ఆ తర్వాతి శుక్రవారమే దొంగ దొరికాడు. లాగిన్ పేరు: ఎస్‌ఏ. అంటే సర్వర్‌తో పాటే వచ్చే పెద్ద అడ్మిన్ ఖాతా. దాని పాస్‌వర్డు రెండు దేశాల్లోనూ తెలియనివాడు లేడు.

ముదీర్ కళ్లజోడు పైకెత్తి ఆ వరస రెండుసార్లు చదివాడు.

"ఈ ఎస్‌ఏ ఎవరు? రేపు పొద్దున నా దగ్గరికి పంపించు."