వీలున్నప్పుడు వీలునామా

ప్రతి వీధిలోనూ ఇలాంటి పెద్దాయన ఒకరుంటారు. ఆయన బీరువాలో ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ, పన్ను రశీదులు, ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేసిన మిక్సీ గ్యారంటీ కార్డు... అన్నీ వరసన ఫైళ్లలో ఉంటాయి. లేనిదల్లా వీలునామా. అడిగితే ‘అశుభం పలక్కండి, పైన తథాస్తు దేవతలుంటారు’ అంటారు. ఇదే మనిషి ముప్పయ్యేళ్లు ఎల్‌ఐసీ ప్రీమియం ఒక్క వాయిదా తప్పకుండా కట్టారు. తను పోతే ఎవరికెంత వస్తుందో ఆ పాలసీలో అంకెలతో సహా ఉంది. సంతకం పెట్టిన రోజున తథాస్తు దేవతలు సెలవులో ఉన్నారు కాబోలు. కాబట్టి ఈయనది చావు భయం కాదని నా అనుమానం. రాయని వీలునామా ఈయనకు రెండో పెన్షను. ‘ఈసారి రాసేద్దామనుకుంటున్నానోయ్’ అని ధనుర్మాసంలో ఒక మాట వదిలితే చాలు, సంక్రాంతికి డల్లాస్ కొడుకు కూడా టికెట్టు కొంటాడు.

పాపం, ‘రాసేస్తే నన్నెవరు చూస్తారు?’ అన్న ఆయన ప్రశ్నను కొట్టిపారేయలేం. ఆస్తి రాయించుకుని అమ్మానాన్నల్ని వీధిలో నిలబెట్టిన పిల్లలు లేకపోతే 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ అవసరమే వచ్చేది కాదు. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే వెనక్కి ఇప్పించే సెక్షన్ అది. కానీ ఆ కథలన్నీ గిఫ్టు సెటిల్‌మెంటువి. అది రిజిస్టరైతే ఆస్తి చేయి దాటినట్టే. వీలునామా అలా కాదు. ఆయన కన్నుమూసేదాకా దానికి ప్రాణం రాదు. ఆయనకు మతి నిలకడగా ఉన్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని 1925 నాటి వారసత్వ చట్టమే చెబుతోంది. కాఫీ చల్లారిందని సోమవారం కోడలి పేరు కొట్టేసి, పెసరట్టు కుదిరిందని గురువారం మళ్లీ చేర్చుకోవచ్చు. బెదిరింపే కావాలంటే రాయనివాడికన్నా రాసినవాడి దగ్గరే సరుకెక్కువ. ఇక ఖర్చంటారా, స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదే గానీ తప్పనిసరి కాదు. ఆయన సంతకం, ఇద్దరు సాక్షులవి ఉంటే చాలు. (ఆ సాక్షులు మాత్రం పార్కులో తనతో నడిచే ఎనభయ్యేళ్లవాళ్లు కాకపోతే మేలు. రేపు గొడవొస్తే కోర్టుకొచ్చి చెప్పాల్సింది వాళ్లే.) వీలునామాకు కోర్టు ముద్ర, అదే ప్రొబేట్, తప్పదని పార్కు మిత్రులు భయపెడతారు గానీ, తెలుగు రాష్ట్రాల్లో హిందువులకు ఆ నిబంధన లేదు.

చివరికి ‘చట్టమే సమంగా పంచుతుందిగా’ అంటారు. నిజమే, పంచుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికి ఉంటే ఆవిడకూ సమానంగా వెళ్తుంది. ‘అమ్మాయికి పెళ్లిలోనే ఇచ్చేశాం’ అన్న వాదన దాని ముందు చెల్లదు. ఆ సమానత్వం కూతురికి న్యాయమే. భార్య సంగతే తిరకాసు. నలభయ్యేళ్లుగా ఏలిన ఇంట్లో, ముగ్గురు పిల్లలుంటే ఆవిడకు దక్కేది నాలుగో వంతు. వంటగది ఎవరి వంతులో పడుతుందో చట్టం చెప్పదు. ‘బ్యాంకు డిపాజిట్‌కు ఆవిడే నామినీ’ అని ఆయన ధీమా. నామినీ సొమ్ము అందుకునే చేయే తప్ప సొంతదారు కాదని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. పిల్లల్ని చుట్టూ తిప్పుకునే ఈ ఆటలో పందెం ఆయనది కాదు, ఆవిడది. ఆవిడకా సంగతి ఎవరూ చెప్పలేదు.

అలాగని ఆయన బొత్తిగా ప్రయత్నించలేదనలేం. ఆషాఢం పోనిమ్మన్నారు, తర్వాత మూఢం, ఆపైన పుష్యం. బీరువాలో ‘వీలునామా’ అని గుండ్రటి అక్షరాలతో రాసిన ఫైలు ఎప్పుడో సిద్ధమైంది. అందులో ఒక తెల్లకాగితం, ఎడమవైపు చక్కగా రెండు చిల్లులు పెట్టి ఉంది.