పుస్తకానికెక్కని కోడే బంగారు కోడి

ముప్పై ఏళ్ళుగా కోళ్ళ షెడ్డు నడుపుతున్నాను. ఏ ఆఫీసు పుస్తకంలోనూ నా పేరు లేదు. కోళ్ళు పెంచేవాళ్ళంతా పేరు నమోదు చేయించుకోవాలి, కోడికింత చోటివ్వాలి, జబ్బొస్తే చెప్పాలి అంటూ ఈమధ్య ఒకటే పోరు. కొత్తగా షెడ్డు వేసుకున్న కుర్రాళ్ళు బెదిరిపోతున్నారు. వాళ్ళ మీద ప్రేమకొద్దీ రాస్తున్నాను. వరసగా పాటించండి.

1. మీ కోళ్ళు ఎన్నో మీరే లెక్కపెట్టకండి. తెలిసిన అంకె ఎప్పుడో నోరు జారుతుంది. పిల్లల్ని దింపిన రోజే హేచరీ బిల్లు చింపేయండి. పశువుల డాక్టరుగారు "ఎన్ని కోళ్ళండీ?" అంటే "ఏవున్నాయండీ, ఓ రెండొందలు" అనండి. అసలు లేవంటే కంపు ఒప్పుకోదు. ఐదు వేలు దాటాయంటే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలంటారు. రెండొందలు మర్యాదైన అంకె. ఏటా అదే చెప్పండి, మార్చకండి.

2. నమోదు కాగితం ఇస్తే వద్దనకండి. రెండు చేతులా పుచ్చుకోండి. నింపి ఇవ్వకపోవడానికి మాత్రం నెలకో కారణం దగ్గర పెట్టుకోండి. జనవరిలో సంక్రాంతి, ఇంటినిండా అల్లుళ్ళు. ఫిబ్రవరిలో కొత్త బ్యాచ్ దిగింది. ఏప్రిల్, మేలలో ఎండలు, కోళ్ళకి నీళ్ళు కొట్టుకోవడంతోనే సరి (కొట్టక్కర్లేదు, అలా చెబితే చాలు). జూన్‌లో పిల్లల ఫీజులు. శ్రావణమాసంలో కోడి తినేవాడు లేడు, ధర పడిపోయింది, మనసు బాగోలేదు. దసరాకి ధర లేచింది, ఊపిరాడ్డం లేదు. కార్తీకంలో మళ్ళీ పడిపోయింది, మళ్ళీ మనసు బాగోలేదు. డిసెంబరుకి కాగితం ఎలకలు కొట్టేశాయి, కొత్తది ఇప్పించండి. ఏడాది గడిచిందా? సంక్రాంతి వచ్చేసింది.

3. మరీ మెడమీద కూర్చుంటే అత్తగారి పేరు రాయించండి. స్థలం కాలం చేసిన నాన్నగారి పేరున ఉండనివ్వండి, కరెంటు మీటరు బావమరిది పేరున, దాణా ఖాతా ఇంటావిడ పేరున. షెడ్డెవరిదని అడిగితే నలుగురూ ఒకళ్ళనొకళ్ళు చూపించుకోవాలి. ఇందుకు ముందుగా ఒకసారి ఇంట్లో సాధన చేయించండి. మా అత్తగారు మొదటిసారే నిజం చెప్పేశారు.

4. ఇక అసలు సంగతి, పంజరం. 2023లో కేంద్రం తెచ్చిన గుడ్ల కోళ్ళ నిబంధనల ప్రకారం ఒక్కో కోడికి 550 చదరపు సెంటీమీటర్ల చోటుండాలి. జిరాక్సు షాపులో ఇచ్చే ఏ4 కాగితం 624 దాకా ఉంటుంది. అంటే అంత కాగితం కూడా కాదు కోడి అడిగేది. అదైనా ఎందుకివ్వాలి? మీ షెడ్డు ఏ జాబితాలోనూ లేనప్పుడు టేపు పట్టుకుని వచ్చేదెవరు? పంజరానికి ఇంకో కోడిని కుక్కండి. రెక్క విప్పుకునే చోటు లేకపోతే రెక్క ఆడించే పని తప్పుతుంది, ఆ మేరకు దాణా మిగులుతుంది. తీగల మీద నిలబడి కాళ్ళు పుళ్ళు పడితే పడనివ్వండి, కోడి ఎక్కడికి నడిచెళ్ళాలి గనక? పక్క కోడిని పొడుస్తుంటే ముక్కు కత్తిరించండి. ఎందుకు పొడుస్తోందని ఆలోచించడం పనిలేనివాళ్ళ పని.

భయమేస్తే చట్టం చదువుకోండి, ధైర్యం వస్తుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఇరుకు పంజరం నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై. అట్ట గుడ్ల ధర కూడా కాదు. మూడేళ్ళలోపు రెండోసారి దొరికితే వంద దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కానీ పుస్తకంలో పేరు లేనివాడికి రెండోసారి ఎలా వస్తుంది? ఎప్పుడు దొరికినా మొదటిసారే.

5. గుడ్లు తగ్గితే దాణా ఆపేయండి. ఆకలికి ఈకలు రాల్చుకుని, బతికినవి మళ్ళీ గుడ్డు పెడతాయి. అలా మాడ్చడం చట్టవిరుద్ధమని జంతు సంక్షేమ బోర్డు 2011లోనే చెప్పింది. చెప్పింది నమోదైనవాళ్ళకని అనుకోండి.

6. టీకాలవాళ్ళు జాబితా చూసుకుని వస్తారు. జాబితాలో లేకపోతే రారు. టీ ఖర్చు ఆదా.

7. కోళ్ళు చస్తే పుస్తకంలో రాయకండి. రోజుకు పది పోతే వేసవిలో ఎండ అనండి, ఫిబ్రవరిలో చలి అనండి. వంద పోతే దిష్టి అనండి, గుమ్మడికాయ కట్టండి. తూగుతున్నవాటిని పొద్దుగూకేలోపు సగం ధరకి అమ్మేయండి. చచ్చినవాటిని గోతిలో సున్నమేసి పూడ్చాలంటారు. గొయ్యి తవ్వడానికి కూలి ఎవరిస్తారు? రాత్రిపూట మురుక్కాలవలో వేస్తే తెల్లారేసరికి పక్క ఊరు చేరతాయి, అక్కడినుంచి అది వాళ్ళ సంగతి. డాక్టరుకి మాత్రం కబురు పెట్టకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ళ నమూనాలు భోపాల్ ప్రయోగశాలకి వెళ్ళాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. నమూనా పంపితేనే కదా జబ్బుకి పేరొచ్చేది! పేరు లేని షెడ్డులో పేరు లేని జబ్బు, ఎవరికీ ఇబ్బంది లేదు.

8. ఎలాగూ జబ్బు చుట్టుపక్కలకి పాకుతుంది, ఒళ్ళంతా తెల్లటి సూట్లు తొడుక్కుని మనుషులు వస్తారు. కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నీ తీసేయాలంటారు. కంగారు పడకండి. వాళ్ళు చంపి పూడ్చిన కోళ్ళకే పరిహారం, అంతకుముందే చచ్చినవాటికి లేదు. పక్క షెడ్డాయన నమోదు కాగితం, టీకాల పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని ఎండలో నిలబడి సంతకాలు పెడుతుంటాడు. చూస్తే జాలేస్తుంది. మీకా బాధ లేదు. మీ కోళ్ళు చాలామటుకు ముందే కాలవ దాటాయి. మిగిలినవి ఎవరివో తేల్చడానికి నాన్నగారు రావాలి.

డాక్టరుగారు మీ గేటు దగ్గరికి కూడా వస్తారు. పద్దెనిమిది వేలు పట్టే షెడ్డులోకి వెళ్ళి లెక్కపెట్టి బయటికొస్తారు. ఎన్నున్నాయో మీరే ముందు చెప్పండి: రెండొందలు. ఒక్క కోడి తేడా రాదు. తలెత్తుకుని చెప్పండి.