తప్పిన పోగు

ముప్పై మూడేళ్ళు లెక్కల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. అయిన మూడో నెలలోనే పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్ళాను. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీద పోతుంటే కుసుమనగర్ దగ్గర ‘ధమ్మ ఖేత్త’ అని ఉంది, 1976 నుంచీ నడుస్తోంది. డబ్బులడగరు. చేరిన రోజున అడిగేది ఒక్కటే, ఫోన్. ఆఫీసులో అప్పగించి లోపలికి పోవాలి.

తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. నాలుగున్నరకల్లా కళ్ళు మూసుకుని కూర్చోవాలి. రోజుకు పది గంటలు అదే పని. పక్కవాడితో మాట సంగతి అటుంచి, సైగ కూడా చేయకూడదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనించాలి. దాన్ని మార్చకూడదు, లెక్కపెట్టకూడదు. ఉద్యోగమంతా లెక్కలే పెట్టినవాణ్ణి, లెక్కపెట్టకుండా ఊరుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. పదో రోజు మౌనం విడిచినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చెట్టు మీంచి ఆకు రాలితే ఆ చప్పుడు కూడా వినగలననిపించింది.

ఇంటికెళ్ళాక పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమని చెప్పి పంపారు. కూర్చున్నాను. పొద్దున గంట మాత్రం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

నాకు దొరికిన మంచి నలుగురికీ పంచాలి కదా! వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు తయారు చేశాను. దాంట్లో 256 మందికి మించి పట్టరు. నా లిస్టులో 251 మంది. రోజూ సరిగ్గా ఐదున్నరకు తామరపువ్వు బొమ్మ మీద ఒక మంచి మాట రాసి, కింద నా పేరు వేసి వదిలేవాణ్ణి. ‘తినేటప్పుడు తినండి, నడిచేటప్పుడు నడవండి.’ ‘ఒక చేతికి ఒక పని, ఒక పనికి ఒక మనసు.’ ఇలాంటివి.

వదిలిన నిమిషం నుంచే జవాబులు. శుభోదయాలు, పూలు, చప్పట్లు. ఆరు గంటలకల్లా డెబ్భై, ఎనభై. ఎవర్నీ చిన్నబుచ్చడం ఎందుకని ఒక్కొక్కరికీ తిరిగి దండం బొమ్మ పెట్టేవాణ్ణి. తెరువు, దండం, వెనక్కి. తెరువు, దండం, వెనక్కి. నెల తిరిగేసరికి నా బొటనవేలికి దారి తెలిసిపోయింది, కళ్ళతో పని లేకుండా పోయింది. ఎడమ చేత్తో చాయ్ తాగుతూ, టీవీలో ప్రవచనం వింటూ ఎనభై దండాలూ పూర్తిచేసేవాణ్ణి. “పొయ్యి మీద పాలు చూడండి” అని మా ఆవిడ స్నానాల గదిలోంచి కేకేసేది. “ఆఁ” అనేవాణ్ణి. పాలు పొంగిపోయేవి.

ఇంతమంది జవాబులిస్తుంటే, ఇవ్వనివాడొకడు నా మనసులో ముల్లులా ఉండిపోయాడు.

పోచంపల్లి హైస్కూల్లో మేమిద్దరం ఒకే బెంచీ. నేను చదువు పేరుతో పట్నం వచ్చాను. వాడు వాళ్ళ నాయన మగ్గం గుంటలోకి దిగాడు. శిబిరం నుంచి వచ్చిన నెలకే వాడి దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే చూడటానికి కాదు, చెప్పడానికి వెళ్ళాను.

వాడు చిలకల చీర నేస్తున్నాడు. ఇక్కత్‌లో బొమ్మ మగ్గం మీద పుట్టదు. ముందే పట్టు పోగులను ఆసు పోసి, గుర్తులు పెట్టి, రబ్బరు ముక్కలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి మళ్ళీ ముంచుతారు. అప్పటికి చిలక ముక్కలు ముక్కలుగా పోగుల్లో దాక్కుని ఉంటుంది. ఆ ముక్కల్ని కలపడమే నేత. నాడె ఇటునుంచి అటు వెళ్ళింది. వాడు అంచు దగ్గర పేక పోగును వెంట్రుకవాసి లాగాడు. కిందటి వరసలోని ముక్కు మీద ఈ వరస ముక్కు కూర్చుంది. కూర్చున్నాకే పలక లాగి కొట్టాడు. మళ్ళీ నాడె, మళ్ళీ వెంట్రుకవాసి.

నేను మాత్రం ఆగకుండా చెప్పుకుపోయాను. “దాన్ని పాళీ భాషల సతి అంటరురా. ఎరుక అన్నట్టు. ఇప్పుడు ఇంగ్లీషోళ్ళు మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నరు.”

“మేం ధ్యాస అంటం” అన్నాడు వాడు, తల తిప్పకుండానే.

“పొద్దంత ఇదే పని గదా, నీకు ఇసుగు రాదారా?”

“నాకు ఇసుగొస్తే చిలుకకు మూతి వంకర పోతది.”

మూలన ఆసు మిషన్ తిరుగుతోంది. అది రాకముందు ఆ పని వాడి భార్య చేసేది. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆ మిషన్ తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకు. నేను దాని వంక చూస్తుంటే మా వాడన్నాడు.

“చెయ్యి పని మిషన్‌కిచ్చినం. కన్ను పని ఇయ్యరాదురా. ధ్యాస పోతే పోగు పోతది.”

మాట బాగుందనిపించింది. మర్నాడు తామరపువ్వు మీద పెట్టి 251 మందికీ పంపాను. కింద నా పేరే వేసుకున్నాను.

ఆ తర్వాత ఏడాదిన్నర మళ్ళీ అటు పోలేదు. రోజూ మెసేజీ పోయేది, వాడి పేరు పక్కన రెండు నీలి టిక్కులు పడేవి. చూస్తాడు, ఉలకడు పలకడు. చదువు లేనివాడా అంటే కాదు. ఇంత పొగరా అనుకున్నాను.

ఈ మేలో మా మేనకోడలి పెళ్ళికి చీరలు కొనాలని పోచంపల్లి పోయాం. ఆడవాళ్ళను దుకాణంలో దింపి నేను వాడింటికి నడిచాను. వాకిట్లో చప్పుడు లేదు. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. భోజనాల వేళ కదా అనుకున్నాను.

“రా అన్నా, కూసో” అని వాడి భార్య కుర్చీ వేసి, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

“ఏడి వాడు? పిలువు చెల్లె. ఏడాదిన్నర సంది మెసేజీలు పెడుతున్న, ఒక్కనాడన్న జవాబియ్యలేదు. ఇయ్యాల తేల్చుకోనే పోత.”

ఆమె నా మొహంలోకి చూసింది. నేను పరాచికమాడుతున్నానో, మతి తప్పి మాట్లాడుతున్నానో తెలియనట్టు చూసింది.

“ఆయన పోయి మూడు నెలలాయె గదా అన్నా.”

అప్పుడు చూశాను ఆమె నుదుటిని. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది.

“నీకు ఆ పొద్దే ఎరుక గదా. పిలగాడు ఆయన ఫోన్ల నుంచే చెప్పిండు. నువ్వు దండం గూడ పెట్టినవ్.”

నాకు నోరు పెగల్లేదు. అది దుఃఖమనుకుందేమో, ఆమె గొంతు తగ్గించింది.

“అందరు ఏందేందో రాసిండ్రు అన్నా. ఎట్లయింది, ఏమాయె, ఎన్నేండ్లుంటయి అని అడిగిండ్రు. నువ్వొక్కనివే ఒక్క మాట లేకుంట దండం పెట్టినవ్. పిలగాడు నాకు చూపిచ్చి ‘పెదనాయనకు మాట రాలేదే అమ్మా, చిన్నప్పటి దోస్తు గదా’ అన్నడు. ఆ పొద్దు నాకు అదే ధైర్యమాయె.”

నేను తల దించుకున్నాను.

“దినాలైనంక అందరు మర్సిపోయిండ్రు. నీ మెసేజి మాత్రం ఒక్క పొద్దు తప్పలె. మనిషి లేకున్నా మనిషి ఫోన్‌కు పంపుతున్నవు. రోజు పొద్దుగాల పిలగాడు సదివి ఇనిపిస్తడు. గంత యాది పెట్టుకున్నోనివి నువ్వొక్కనివే అన్నా.”

నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, ఇప్పుడే వస్తానని బయటికొచ్చాను. గోడ నీడలో నిలబడి ఫోన్ తీశాను. వాడి పేరు మీద నొక్కి పైకి జరిపాను. తామరపువ్వు, తామరపువ్వు, తామరపువ్వు. తొంభై పువ్వుల అవతల ఫిబ్రవరి 11న ఆగాను.

5:41కి వాడి నంబరు నుంచి వచ్చింది. “పెదనాయనా, బాపు రాత్రి గుండె నొప్పొచ్చి పోయిండు. పన్నెండు గంటలకు తీస్కపోదామంటున్నరు. నువ్వు వస్తనంటే నీకోసం ఆపుతం.”

దాని కింద, 5:41కే, నా దండం.

దాని పైన 5:30కి నేను పంపిన తామరపువ్వు. ఆనాటి మంచి మాటను ఫోన్ దగ్గరికి పెట్టుకుని మొదటిసారి చదివాను.

‘ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి. అంతకు మించిన ధ్యానం లేదు.’

కింద నా పేరుంది.