కాలు భద్రం

నాది పన్నెండో నంబరు కాలు. ఏళ్లుగా తొడిగిన చెప్పుల మోడల్ ఆగిపోయింది. వికారాబాద్‌లో అడిగితే, 'పది దాంకనే అన్నా!' తాండూరులో పదే చేతికిచ్చి, 'ఏస్కో, సాగుతయ్' అన్నారు. సాగింది నడకే, అదీ కుంటుతూ.

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021-22లో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. మనవి తెల్లవాళ్ల పాదాలకన్నా వెడల్పని తేల్చింది. దేశీ సైజులకు 'భ' అని నామకరణమూ అయింది. బారసాల సరే, బిడ్డేదీ?

మా పూడూరు మండలం దామగుండంలో 2024 అక్టోబరులో నేవీ రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సముద్రంలో మునిగున్న జలాంతర్గామికీ కబురందిస్తుందట. పూర్తయ్యాక చెప్పుల కంపెనీకీ ఒకటి పంపించాలి: పూడూరుకు ఒక జత, పన్నెండు!