కొనడానికి పద్దుంది

మన ఊళ్లలో యూపీఎస్ బ్యాటరీ వాడగా వాడగా అరిగిపోయి చచ్చిందని నేనింతవరకూ వినలేదు. వాడకుండా మూలన కూర్చోబెట్టే చంపుతాం. చంపాక కంపెనీ నాసిరకమని శవపంచనామా కూడా మనమే రాస్తాం.

ఈ హత్యలు ఒద్దికగా జరిగేది బళ్లలోనూ ఆఫీసుల్లోనూ. మూడు కొటేషన్లు తెప్పిస్తారు. కమిటీ కూర్చుంటుంది. పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్ అవర్ల నల్ల డబ్బా ఒకటి స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఎక్కడంతోనే దాని జన్మ ధన్యమైనట్టు లెక్క. ఏప్రిల్ నెలాఖరున వేసవి సెలవులిస్తారు. కరెంటు పొదుపు మీద అమాంతం మమకారం పుట్టుకొచ్చి, వెళ్తూ వెళ్తూ మెయిన్ ఆపేస్తారు, కంప్యూటర్ గదిలో యూపీఎస్ స్విచ్ మాత్రం వేసే ఉంటుంది. పాపం, దానికి సెలవుల సంగతి తెలియదు. కరెంటు పోయిందనుకుని బ్యాటరీని తోడుకుంటూ కీచుకీచుమని అరుస్తుంది. వినేదెవరు, గోడమీది గాంధీగారు తప్ప? అరిచి అరిచి ఆగిపోయాక ఆ ఖాళీ బ్యాటరీ నలభై డిగ్రీల వేడిలో, తాళం వేసిన గదిలో, జూన్ రెండో వారం దాకా ఉడుకుతుంది. బడి తెరిచిన రోజున ‘బ్యాటరీ పోయింది సార్’ అని ఒక మాట. మళ్లీ మూడు కొటేషన్లు. కొత్తది కొనడానికి పద్దుంది. ఉన్నదాన్ని మూడు నెలలకోసారి చార్జింగ్‌కు పెట్టడానికి ఏ పద్దూ లేదు, అందుకని ఎవరూ పెట్టరు.

నాసిరకమని తిట్టేవారికి ఒక మనవి. తిరుపతి పక్కన కరకంబాడిలో ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీలు తయారై విదేశాలకు కూడా పోతున్నాయి. తయారుచేయడం మనకు బాగానే వచ్చు. ఆ తర్వాత వాటి ముఖం చూడటమే రాదు.

డబ్బా మీద ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అని రాసి ఉంటుంది కదా అంటారు. నీళ్లు పోయనక్కర్లేదని దాని అర్థం. చార్జ్ చేయనక్కర్లేదని ఏ తయారీదారూ రాయలేదు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన నాటి నుంచీ ఈ బ్యాటరీ కోరేది ఒక్కటే, తనను ఖాళీగా పడేయొద్దని. ఊరికే ఉన్నా పాతిక డిగ్రీల దగ్గర నెలకు సుమారు మూడు శాతం చార్జ్ కోల్పోతుంది. మన మే నెల ఎండలో ఆ నష్టం రెట్టింపు, మూడింతలు. ఖాళీ అయినకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ పెడితే కరిగిపోతుంది. వారాలూ నెలలూ వదిలేస్తే గట్టి పలుకులై కూర్చుంటుంది, ఇక కరెంటును లోపలికి రానివ్వదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో మరో రకం హత్య ఉంటుంది. అమెరికా అబ్బాయి వచ్చినప్పుడు తిరగడానికని దుప్పటి కప్పి ఉంచిన స్కూటర్. తండ్రిగారు ఆదివారం ఆదివారం దిగివచ్చి, సెల్ఫ్ కొట్టి, రెండు నిమిషాలు బుర్రుమనిపించి, తృప్తిగా పైకెళ్తారు. సెల్ఫ్ మింగిన కరెంటు ఆ రెండు నిమిషాల్లో తిరిగి రాదు. నిర్లక్ష్యం కూడా ఇంత క్రమశిక్షణతో చేస్తాం!

ఇక చచ్చాక వైద్యులు బయల్దేరతారు. ఒకాయన ఎప్సమ్ సాల్ట్ కలిపి పొయ్యమంటాడు, ఒకాయన వెల్డింగ్ మిషన్‌తో షాక్ కొట్టమంటాడు. ఇంకొకాయన ఏకంగా యాసిడ్ పోస్తాడు. ఆవిరైంది నీళ్లు, యాసిడ్ కాదు. యాసిడ్ సల్ఫేట్ రూపంలో ప్లేట్లను పట్టుకునే ఉంది. పైనుంచి ఇంకా పోస్తే లోపలిది చిక్కబడి ప్లేట్లను తినేస్తుంది. పోనీ నీళ్లే పోద్దామని మినరల్ వాటర్ సీసా తెచ్చేవారు కూడా ఉన్నారు.

బతికించే దారి లేకపోలేదు. కాకపోతే అందులో తమాషా ఏమీ లేదు, ఓపిక కావాలి. ముందు డబ్బా చూడాలి. ఉబ్బినా, పగిలినా, కారుతున్నా దండం పెట్టి షాపులో ఇచ్చేయడమే. బాగుంటే మల్టీమీటర్ పెట్టాలి. నిండిన బ్యాటరీ, చార్జర్ తీసి కొన్ని గంటలయ్యాక, 12.8 వోల్టుల పైన చూపాలి. 12.2 అంటే సగం. 11.8కి దిగిందంటే ఖాళీ. మరీ కిందికి పోయినదాన్ని నేటి తెలివైన చార్జర్లు బ్యాటరీగానే గుర్తించవు. ఆ నిరాకరణను మనవాళ్లు మరణ ధ్రువపత్రంగా తీసుకుంటారు. నిజానికి కరెంటు పరిమితి పెట్టుకునే పవర్ సప్లయ్ ఉంటే చాలు. ఏడు ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియర్ మించకుండా కట్టుదిట్టం చేసి, 14.4 వోల్టులు పెట్టి ఆగాలి. మొదట కరెంటు అసలు తీసుకోదు. గంటలు గడవాలి, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు. నెమ్మదిగా తీసుకోవడం మొదలుపెడితే ఆశ ఉన్నట్టు. ఒళ్లు వేడెక్కితే వెంటనే ఆపాలి.

ఎండిపోయిందని అనుమానమైతే పైమూత జాగ్రత్తగా లేపితే ఆరు రబ్బరు టోపీలు కనిపిస్తాయి. ఒక్కో గదిలో సిరంజితో కొద్ది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, లోపలి మెత్త తడిసేంత మాత్రమే. తేలేంత పోస్తే కారుతుంది. కంటికి అద్దాలు, చేతికి గ్లవ్స్, గాలి ఆడే చోటు తప్పనిసరి. చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి బీడీ ముట్టించే పెద్దమనిషిని దూరంగా కూర్చోబెట్టాలి. పూర్తిగా చార్జ్ చేశాక కూడా పదిన్నర వోల్టుల దగ్గరే మొరాయిస్తే ఒక సెల్ షార్టయినట్టు, అక్కడితో కథ సరి.

వోల్టేజి వచ్చిందని పండగ చేసుకోవద్దు. స్కూటర్ బ్రేక్ లైటుకు వాడే 21 వాట్ల బల్బు తగిలించి చూడండి. ఆరోగ్యంగా ఉన్నది, వోల్టేజి పదిన్నరకు దిగేలోగా, సుమారు మూడు గంటలు వెలిగిస్తుంది. అరగంటకే కునుకు తీస్తే అది పేరుకే బ్యాటరీ. లేచి కూర్చున్నది కూడా కొత్తది కాదు. పెరట్లో దీపానికి పనికొస్తుంది, ఇంట్లో పెద్దాయన ఆక్సిజన్ మిషన్‌కు దాన్ని నమ్మకండి.

నిజంగా చచ్చినదానికి అంత్యక్రియలు కూడా మన పద్ధతిలోనే చేస్తాం. పాత ఇనప సామాన్లవాడికి కిలోల లెక్కన ఇచ్చి, వచ్చిన డబ్బుతో మిర్చి బజ్జీలు తింటాం. అది ఊరి శివారు షెడ్డుకు చేరితే గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్ మట్టిలో పారబోసి, సీసం కరిగిస్తారు. ఆ పొగ పిల్లల మెదడుకు చేటు. ఇంతవరకైతే ఫర్వాలేదని చెప్పగల సీసం మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీని చెత్తలో కలపకుండా సేకరణ, రీసైక్లింగ్ చేసేవారికి అప్పగించే బాధ్యత వాడినవాళ్లది, వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారుది. ఈ నిబంధనలను మనం కూడా బ్యాటరీలాగే భద్రంగా బీరువాలో పెట్టాం.

హెడ్మాస్టరుగారూ, ఆఫీసరుగారూ, సెల్లార్ స్కూటర్ తండ్రిగారూ, సెలవులకు ముందు నిండా చార్జ్ చేసి వైరు పీకేయండి. నీడపట్టున పెట్టి, మూడు నెలలకోసారి మళ్లీ చార్జ్ చేయండి. దీనికి జీవో అక్కర్లేదు. రెండు మూడు వందల మల్టీమీటర్ కొనడానికి కమిటీ కూడా అక్కర్లేదు.